పార్కులకు పదేళ్ల ప్లాన్: డ్రాఫ్టులో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి?
(ఇది ఒక చర్చ. ప్రతి భాగం మొదట ఉన్నది మాట్లాడేవారి మారుపేరు.)

దారిమలుపు
మూడు లక్షల జనాభా ఉన్న నగరం. పార్కులు, ఆటస్థలాలు, క్రీడా శిక్షణ కార్యక్రమాలు అన్నీ కలిపి పదేళ్లకు ప్లాన్ కావాలి. డ్రాఫ్టులో ప్రస్తుతం ఉన్నవి: వార్డుకో ఓపెన్ జిమ్, నాలుగు ఈత కొలనులు, ఒక స్కేటింగ్ రింకు, ఒక మ్యూజికల్ ఫౌంటెన్, తలకు 9 చదరపు మీటర్ల పచ్చదనం అనే లక్ష్యం. ముందు ఏది పట్టుకోవాలి? అంకెలతో చెబితే మేలు. "ప్రజల భాగస్వామ్యం ముఖ్యం" అనే వాక్యం డ్రాఫ్టులో ఇప్పటికే పన్నెండు చోట్ల ఉంది.

కొలతబద్ద
ముందు ఆ 9 చదరపు మీటర్లను పక్కన పెట్టండి. మూడు లక్షల మందికి తలకు తొమ్మిది అంటే 270 హెక్టార్లు. ఊరి చివర 270 హెక్టార్ల అడవి ఒకటి ఉంటే లక్ష్యం నెరవేరినట్టే, నగరం మధ్యలో ఒక్క బల్ల లేకపోయినా సరే. సగటు లెక్కతో వచ్చే చిక్కే ఇది.

కొలవాల్సింది దూరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం సూచన ప్రకారం ఇంటికి 300 మీటర్ల లోపు కనీసం అర హెక్టారు నుంచి ఒక హెక్టారు పచ్చని స్థలం ఉండాలి. 2021లో నగర వనాల నిపుణుడు సెసిల్ కోనైనెన్‌డైక్ చెప్పిన 3-30-300 సూత్రంలో చివరి అంకె కూడా అదే: ఇంట్లోంచి 3 చెట్లు కనబడాలి, పేట మీద 30 శాతం చెట్ల నీడ పరచుకోవాలి, 300 మీటర్లలో పార్కు ఉండాలి.

అయితే మ్యాపు మీద పార్కు మధ్యలో కంపాస్ పెట్టి గుండ్రం గీయకండి, అందరూ చేసే పొరపాటు అదే. 300 మీటర్ల వృత్తం 28 హెక్టార్లను కమ్ముతుంది. కానీ మనుషులు గోడల్లోంచి నడవరు. వీధులన్నీ చదరంగపు గళ్లలా చక్కగా ఉన్నా, 300 మీటర్ల నడకలో చేరుకోగలిగేది 18 హెక్టార్లే. వృత్తం స్థానంలో డైమండ్ ఆకారం వస్తుంది, వైశాల్యం దూరం వర్గానికి రెండింతలు. మధ్యలో రైలు కట్ట, కాలువ, పొడవాటి కాంపౌండ్ గోడ ఉంటే అదీ దక్కదు. కాబట్టి గేటు నుంచి వీధుల వెంట కొలవాలి. పార్కుకు ఒక్కటే గేటు ఉంటే వెనక వీధివాళ్లు చుట్టూ తిరిగి రావాలి. పక్కనే ఉన్న పార్కు వాళ్లకు అర కిలోమీటరు అవుతుంది.

వెనక గోడలో రెండో గేటు తెరవండి. కొత్త స్థలం కొనకుండా కొత్త పార్కు ఇచ్చినంత ఫలితం. డ్రాఫ్టులో ఉన్నవాటన్నిటికన్నా ముందు ఇది రావాలి.

ఓరచూపు
కొలతబద్ద గారు చెప్పింది ఎవరు రాగలరో తెలుసుకోవడానికి. ఎవరు వస్తున్నారో తెలియాలంటే మనుషుల్ని లెక్కపెట్టాలి. దీనికి సోపార్క్ అనే పరిశీలన పద్ధతి ఉంది, ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు.

పార్కును ఒక్క చూపులో ఆనేంత ముక్కలుగా విడదీయండి: ఊయలల చోటు, కోర్టు, నడక బాట మలుపు, చెట్టు కింద అరుగు. ఒక్కో ముక్క దగ్గర నిలబడి చూపును ఎడమ నుంచి కుడికి ఒక్కసారి తిప్పాలి. ఆ క్షణాన ఎవరున్నారో వాళ్లే లెక్క. తర్వాత పరుగెత్తుకొచ్చినవాళ్లను కలపకూడదు. ఆడ, మగ వేరు. పిల్లలు, టీనేజీవాళ్లు, పెద్దలు, వృద్ధులు వేరు. కూర్చున్నారా, నడుస్తున్నారా, చెమట పట్టేలా ఆడుతున్నారా అనేది వేరు. రోజుకు నాలుగు పూటలు: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ముందు, చీకటి పడే వేళ. పనిరోజులు, సెలవు రోజులు రెండూ ఉండాలి. వానపడిన రోజును, సెలవు సంబరాల రోజును వదిలేసి మరో రోజు తీసుకోండి.

చెడేది ఎక్కడంటే, గేటు దగ్గర ఒకణ్ని కూర్చోబెట్టి టిక్కులు పెట్టించడం. వాకింగ్‌కొచ్చిన పెద్దాయన మూడు రౌండ్లు వేస్తే మూడు టిక్కులు పడతాయి. ఖాళీగా ఉన్న గడి కూడా సమాచారమే, "సున్నా" అని రాయమని చెప్పకపోతే కాగితంలో ఖాళీ వదిలేస్తారు. ఆ తర్వాత అది సున్నానో, అసలు చూడలేదో ఎవరూ చెప్పలేరు.

ఇంకోటి. సర్వే కాగితాలు పార్కులో పంచితే వచ్చేవాళ్ల మాటే తెలుస్తుంది. రానివాళ్లు బస్టాపులో, బడి గేటు దగ్గర, ఆసుపత్రి వరుసలో దొరుకుతారు. "ఈత కొలను కావాలా?" అని అడిగితే కాదనేవాడెవడు? పది చుక్కల స్టిక్కర్లు చేతిలో పెట్టి, పన్నెండు బొమ్మల మీద ఎలాగైనా పంచమనండి. ఒకదానికి ఎక్కువ పెడితే ఇంకోదానికి తగ్గుతుందని తెలిసినప్పుడు జవాబు మారిపోతుంది. మరుగుదొడ్డి, తాగునీరు, నీడ అనే మూడు బొమ్మలు ఆ పన్నెండులో తప్పకుండా ఉండాలి.

నీలిరిబ్బను
ఆడ, మగ వేరుగా లెక్కపెట్టమన్నది ఊరికే కాదు. 1990ల్లో వియన్నా నగరం ఇలాగే చూసినప్పుడు తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కుల్లో బాగా తగ్గిపోతున్నారని, మగపిల్లలు తగ్గట్లేదని బయటపడింది. కారణం భయం ఒక్కటే కాదు. స్థలం మొత్తం ఒకే పెద్ద మైదానంగా ఉంటే ఎవరు ముందొస్తే వాళ్లదే, గట్టిగా అరిచినవాళ్లదే. 1999లో అక్కడ రెండు పార్కుల్ని మార్చారు. నడక బాటలు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ చోట్లు పెట్టారు, పెద్ద ఖాళీని మొక్కలతో చిన్నచిన్న గదుల్లాంటి చోట్లుగా విడదీశారు. ఆ తర్వాత ఆడపిల్లలు మళ్లీ రావడం మొదలైంది.

డ్రాయింగులో చూడాల్సింది కోర్టు చుట్టూ ఉండే జాలీ. దానికి మూలన ఒక్కటే సన్నటి తలుపు పెడతారు. ఆ తలుపు దగ్గర నలుగురు నిలబడితే లోపలికి వెళ్లాలన్నా, బయటికి రావాలన్నా వాళ్లను రాసుకుంటూ పోవాలి. ఎదురెదురు మూలల్లో రెండు దారులు, ఒక్కోటి 2 మీటర్ల వెడల్పున, తలుపులు లేకుండా వదిలేయండి. బంతి అప్పుడప్పుడు బయటికి పోతుంది, పోనివ్వండి.

ఇటుకపొడి
కోర్టుల మాట వచ్చింది కాబట్టి కొలతలు. గీతల లోపలి కొలత చూసి స్థలం కేటాయిస్తారు, ఆటగాడు గీత దాటి పరిగెత్తుతాడని మరిచిపోతారు. బాస్కెట్‌బాల్ 28×15 మీటర్లు, చుట్టూ 2 మీటర్లు వదిలితే 32×19. వాలీబాల్ 18×9, చుట్టూ 3 మీటర్లు కలిపి 24×15. టెన్నిస్ గీతల్లో 23.77×10.97 ఉన్నా, నేల మాత్రం సుమారు 36.6×18.3 కావాలి. బ్యాడ్మింటన్ 13.4×6.1. ఆరుబయట గాలికి షటిల్ నిలవదు, కనీసం రెండు వైపులా గుబురు కంచె ఉండాలి.

పొడుగు వైపు ఉత్తర-దక్షిణాలుగా పెట్టండి. తూర్పు-పడమరగా పెడితే సాయంత్రం ఒక జట్టు కళ్లలో సూర్యుడు కొడతాడు, అసలు రద్దీ ఉండేది ఆ వేళకే. వాలు ఒకే దిక్కుకు, అడ్డంగా, మీటరుకు ఒక సెంటీమీటరు. మధ్యలో ఎత్తు పెట్టి రెండు వైపులా వాలిస్తే నెట్ కింద బంతి అడ్డదిడ్డంగా లేస్తుంది. ఒకే స్లాబు మీద మూడు ఆటల కంటే ఎక్కువ గీతలు గీస్తే ఏ గీత ఏ ఆటదో ఆడేవాళ్లకే తెలియదు. కదిలే ఫుట్‌బాల్ గోల్‌పోస్టును నేలకు బిగించకుండా వదలొద్దు. పిల్లలు పట్టుకుని వేలాడితే ముందుకు తిరగబడుతుంది, ప్రాణాలు పోయేది ఇక్కడే.

పిల్లల ఆట పరికరాలకు యూరప్ ప్రమాణం ఈఎన్ 1176 చూడండి. పడే ఎత్తు 3 మీటర్లు దాటకూడదు. ఎత్తు మీటరున్నర వరకైతే చుట్టూ మీటరున్నర ఖాళీ చాలు, 3 మీటర్లైతే రెండున్నర మీటర్లు కావాలి. తల ఇరుక్కునే సందులు ఉండకూడదు. కాళ్లూ మొండెమూ దూరి తల ఆగిపోయే సందు ప్రమాదం, అంటే సుమారు 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్యది. అంతకన్నా ఇరుకుగానైనా ఉండాలి, వెడల్పుగానైనా ఉండాలి.

కింద ఇసుక వేస్తే, 2 మీటర్ల ఎత్తు వరకు 20 సెం.మీ., 3 మీటర్లకు 30 సెం.మీ., దాని మీద చెదిరిపోయేదానికి మరో 10 సెం.మీ. ఇసుకలో బంకమన్ను ఉండకూడదు. ఉంటే ఒక వాన, ఒక ఎండ చాలు, పెంకు కట్టి సిమెంటు గచ్చులా తయారవుతుంది. గుప్పెడు ఇసుక గాజు గ్లాసు నీళ్లలో కలిపి చూడండి. ఇసుక వెంటనే కిందికి దిగి, పైన నీళ్లు గంటసేపైనా మురికిగానే ఉంటే ఆ లోడు వెనక్కి పంపేయండి. ఊయల కింద ఇసుక కాళ్లతో గుంట పడుతుంది, వారానికోసారి ఎగదోసి సర్దాలి. వారం వారం సర్దే మనిషి లేకపోతే రబ్బరు మ్యాట్‌కే వెళ్లండి.

లెడ్జరు
"వారం వారం సర్దే మనిషి లేకపోతే" అన్నారు ఇటుకపొడి గారు.

డ్రాఫ్టు మొత్తానికి అసలు ప్రశ్న ఇదే. నిర్మాణానికి ఒక్కసారి గ్రాంటు తెచ్చుకోవచ్చు. నిర్వహణ ప్రతి నెలా జేబులోంచే.

గడ్డి ఒక్కటే తీసుకోండి. 50 సెం.మీ. బ్లేడు ఉన్న మెషీను, గంటకు 3 కిలోమీటర్ల నడక. మలుపులకూ, గీత మీద గీత పడటానికీ 20 శాతం తీసేస్తే గంటకు 1,200 చదరపు మీటర్లు. హెక్టారుకు ఎనిమిది గంటల పైచిలుకు. అంటే ఒక మనిషికి ఒక పూర్తి రోజు. గడ్డి ఏపుగా పెరిగే కాలంలో వారానికోసారి కోయాలి. 10 హెక్టార్ల లాన్ గీస్తే వారానికి 83 గంటలు, ఇద్దరు మనుషులు వేరే ఏ పనీ ముట్టకుండా. ఆ ఇద్దరి జీతం ప్లాన్‌లో ఏ పేజీలో ఉంది? లేకపోతే లాన్ 3 హెక్టార్లకు కుదించి, మిగతాది ఏడాదికి రెండుసార్లు కోసే పొడుగు గడ్డిగానో, చెట్లతోపుగానో వదలండి.

ఈత కొలను లెక్క ఇంకా కఠినం. 25×15 మీటర్లు, సగటు లోతు మీటరున్నర అనుకుంటే 560 ఘనపు మీటర్ల నీరు. ఆ నీరంతా ఐదు గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా తిరగాలంటే పంపు గంటకు 112 ఘనపు మీటర్లు తోడాలి, కొలను మూసి ఉన్న వేళ కూడా పంపును పూర్తిగా ఆపకూడదు. నీటి పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 7.2 నుంచి 7.8 మధ్య నిలపాలి. అది దాటి పెరిగితే క్లోరిన్ ఉన్నా సరిగా పనిచేయదు. ఈతకొచ్చిన మనిషికి 30 లీటర్ల చొప్పున కొత్త నీరు కలపాలి, 300 మంది వస్తే 9,000 లీటర్లు. రెండు షిఫ్టుల లైఫ్‌గార్డులు సరేసరి. ఇవన్నీ నాలుగు కొలనులకు! రెండో ఏట ఒకటి "మరమ్మతుల కోసం" మూస్తారు, బోర్డు అలాగే ఉండిపోతుంది.

చేయాల్సింది ఒక పట్టీ. ప్రతి వస్తువుకు పెట్టిన ఏడాది, ఆయుష్షు, మార్చడానికయ్యే ఖర్చు. కోర్టు పై పూత సుమారు 5 నుంచి 8 ఏళ్లు, పోసిన రబ్బరు నేల పదేళ్లు, ఆట పరికరాలు 15 ఏళ్లు. ఖర్చును ఆయుష్షుతో భాగిస్తే వచ్చేది ఏటా పక్కన పెట్టాల్సిన మొత్తం. ఆ మొత్తం కూడిక చూశాక ఫౌంటెన్ తనంతట తానే జాబితాలోంచి దిగిపోతుంది.

గట్టుమీది
లెడ్జరు గారూ, ఫౌంటెన్ పోతే పోనీ, కొలను మాటలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించలేను. ఈత రాని పిల్లల ప్రాణాలకు లెక్క ఏ పట్టీలో వేస్తారు? నాలుగు వద్దు, ఒకటి ఉండాలి. అదీ బస్సు దారుల కూడలికి దగ్గర్లో. 25 మీటర్ల పెద్ద కొలనుకన్నా, నడుం లోతు దాటని చిన్న నేర్పు కొలను ముందు కట్టండి. నీరు మూడో వంతు సరిపోతుంది, తరగతులు రోజంతా నడుస్తాయి. నేర్చుకునేవాళ్లే ఎక్కువ, పోటీలో ఈదేవాళ్లు పిడికెడు. ఏదైనా కాలేజీకి ఇప్పటికే కొలను ఉంటే, తరగతులు లేని వేళల్ని ఒప్పందం మీద వాడుకోండి. ఒప్పందంలో ప్రమాద బాధ్యత ఎవరిది, రసాయనాల ఖర్చు ఎవరిది, తాళం ఎవరి దగ్గర అనే మూడూ స్పష్టంగా రాయాలి. వీటిలో ఏది రాయకపోయినా మొదటి గొడవకే మూతపడుతుంది.

లెడ్జరు
ఒకటి, అదీ నేర్పు కొలను అయితే ఒప్పుకుంటాను. స్కేటింగ్ రింకు మాత్రం ఒప్పుకోను.

నీటిచాలు
వాన నీరు డ్రాఫ్టులో ఎక్కడా కనబడలేదు. పార్కు ఎలాగూ పల్లంలోనే దొరుకుతుంది, ఎత్తైన స్థలాలు ఎప్పుడో అమ్ముడుపోయి ఉంటాయి. ఆ పల్లాన్నే వాడుకోవాలి. సింగపూర్‌లో బిషాన్ పార్కు చూడండి. 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను 2012 కల్లా 3.2 కిలోమీటర్ల వంకర ఏరుగా మార్చారు. వాన లేనప్పుడు గట్ల మీద జనం కూర్చుంటారు, వరదొస్తే ఆ గట్లే నీటికి చోటిస్తాయి.

చిన్న స్థాయిలో లెక్క: 1,000 చదరపు మీటర్ల పార్కింగ్ మీద 25 మి.మీ. వాన పడితే 25 ఘనపు మీటర్ల నీరు. 200 చదరపు మీటర్ల చోటును 15 సెం.మీ. లోతు చేస్తే 30 పడతాయి. నేల ఇంకుతుందో లేదో ముందే పరీక్షించండి. 30 సెం.మీ. గుంట తీసి, నీళ్లు నింపి ఇంకనిచ్చి, రెండోసారి నింపినప్పుడు గంటకెంత దిగిందో స్కేలుతో కొలవాలి. మొదటిసారి లెక్క తీసుకోకండి, పొడి మన్ను గటగటా తాగేస్తుంది. గంటకు 12 మి.మీ. కన్నా తక్కువ దిగితే కింద చిల్లుల పైపు వేయాలి. నీరు రెండు రోజుల్లో ఖాళీ అయిపోవాలి. వారం నిలిస్తే దోమలు రెక్కలు కట్టుకుంటాయి. గట్టు వాలు నాలుగుకు ఒకటి, అంతకన్నా నిటారుగా ఉంటే గడ్డి మెషీను దిగదు.

పాడయ్యేది మాత్రం తవ్వేటప్పుడే. జేసీబీని ఆ గుంటలోకే దించి తిప్పుతారు. చక్రాల బరువుకు మన్ను గట్టిపడి, ఇంకాల్సిన చోటు తొట్టి అవుతుంది. మెషీను గట్టు మీద నిలబడి చెయ్యి చాపి తవ్వాలి.

వేరుపురుగు
చెట్ల గురించి కొంచెం. ఒకే జాతి మొక్కలు వేలకు వేలు తెప్పించకండి. 1990లో అమెరికా వృక్ష శాస్త్రవేత్త శాంటమూర్ చెప్పిన 10-20-30 లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఒకే జాతి 10 శాతం, ఒకే ప్రజాతి 20 శాతం, ఒకే కుటుంబం 30 శాతం దాటకూడదు. ఒక తెగులొస్తే వీధి మొత్తం బోసిపోకుండా ఉండాలంటే ఇదే దారి. నాటేటప్పుడు కాండం అడుగున వేరు విచ్చుకునే ఉబ్బు నేల పైన కనబడాలి. లోతుగా పాతితే రెండేళ్లు బాగానే ఉన్నట్టు కనబడి, తర్వాత కుళ్లుతుంది. మొదట్లో నేల మీద ఆకు చెత్త పరుపు (మల్చింగ్) 5 నుంచి 10 సెం.మీ. మందాన వేసి, కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి. బెంచీకి పడమర వైపు చెట్టు నాటండి, తూర్పున నాటితే సాయంత్రం ఆ బెంచీ మీద ఎవరూ కూర్చోరు. మూడేళ్ల వరకు నీళ్ల ట్యాంకరు ఖర్చు కూడా నాటే ఖర్చులో భాగమే.

దీపాల డ్రాయింగు, చెట్ల డ్రాయింగు వేర్వేరు కాంట్రాక్టర్లు గీస్తారు, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడరు. 8 మీటర్ల స్తంభం మీద దీపం, పక్కనే చెట్టు. ఐదేళ్లకు ఆకుల పైన పట్టపగలు, కింద బాట మీద చిమ్మచీకటి. నడక బాటకు 4 మీటర్ల స్తంభాలే మంచిది, కొమ్మల కింద నుంచి వెలుగు పడుతుంది. కొన్నిచోట్ల కళ్లు చెదిరే వెలుగు, మధ్యలో మసక ఉండటం కంటే అంతటా సమంగా తక్కువ వెలుగే నయం.

ఓరచూపు
ర్యాంపు కూడా రాసుకోండి: ఒక మీటరు ఎత్తుకు 12 మీటర్ల పొడవు, ప్రతి 9 మీటర్లకు ఆగడానికి సమతలం. రెండు చక్రాల కుర్చీలు ఎదురైతే తప్పుకోవాలంటే బాట 1.8 మీటర్లు ఉండాలి. బైకులు రాకుండా గేటు దగ్గర ఇరుకు తిరుగుడు కడ్డీ పెడతారు. బైకు ఎలాగోలా దూరుతుంది, చక్రాల కుర్చీ, పసిపిల్లల బండి మాత్రం ఆగిపోతాయి. 90 సెం.మీ. సందుతో స్తంభాలు పాతితే చాలు. మరుగుదొడ్డి వెనక మూలన కాకుండా గేటు దగ్గర, జనం కళ్ల ముందు కట్టండి.

గంటకొట్టు
అందరూ కట్టడం గురించే చెబుతున్నారు. కార్యక్రమాలు లేని కోర్టు బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరాదు.

ఒక కోర్టుకు వారం పట్టీ గీయండి. పనిరోజుల్లో సాయంత్రం 5 నుంచి 9, ఐదు రోజులకు 20 గంటలు. సెలవు రోజుల్లో రోజుకు 8 చొప్పున 16. మొత్తం 36 గంటలు, గంట చొప్పున 36 వంతులు. ఇందులో మూడో వంతు, అంటే 12 వంతులు, ఎవరికీ బుక్ చేయకుండా వచ్చినవాళ్లకే వదలాలి. ఆ పన్నెండూ మంచి వేళల్లోనే ఉండాలి, మిగిలిపోయిన మధ్యాహ్నపు ఎండ కాదు. మిగతా 24లో ఆడపిల్లలకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ముందే కేటాయించి, తర్వాత క్లబ్బులకు ఇవ్వాలి. లేకపోతే ఒకే క్లబ్బు ఏడాది పొడవునా బుక్ చేసుకుని, సగం రోజులు రాదు. 15 నిమిషాల్లో రాకపోతే వంతు పోయినట్టే, మూడుసార్లు అలా జరిగితే ఆ సీజను బుకింగ్ రద్దు అని నిబంధన పెట్టండి.

కొత్త కార్యక్రమం ఏదైనా 8 వారాల ప్రయోగంగా మొదలుపెట్టాలి. మొదటి వారం హాజరు చూసి మురిసిపోవద్దు, ఆరో వారం చూడండి. ఆరో వారానికి సగం మంది నిలిస్తే కొనసాగించవచ్చు. పెద్దవాళ్లకు పగటి పూట, హాలు ఖాళీగా ఉన్నప్పుడు పెట్టండి. ఓపెన్ జిమ్ పరికరాలు వార్డుకో సెట్టు చొప్పున పంచే బదులు ఆరు చోట్ల పెట్టి, వారానికి రెండుసార్లు నేర్పే మనిషిని పంపితే వాటికి తుప్పు పట్టే అవకాశం తగ్గుతుంది.

దారిమలుపు
జాబితా నుంచి ఫౌంటెన్, రింకు, మూడు కొలనులు తీసేశాం. ఓపెన్ జిమ్‌లు ఆరు. గేట్ల సర్వే మొదటి ఏడాదిలోకి వచ్చింది. అయినా మ్యాపులో పాతపేట వైపు 300 మీటర్లలో ఏమీ లేని ఖాళీలు మిగిలాయి. అక్కడ అర హెక్టారు స్థలమే దొరకదు. చిన్న చెక్కలున్నాయి, 200, 300 చదరపు మీటర్లవి.

కొలతబద్ద
అవి చాలు. డచ్ వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1947 నుంచి 1978 వరకు 700కు పైగా ఆటస్థలాలు రూపొందించాడు, వాటిలో అనేకం ఇలాంటి కూలిన ఇళ్ల ఖాళీలు, వీధి మూలలే. ఇసుక గుంట, పల్టీలు కొట్టే, ఎక్కే ఇనుప కడ్డీలు, గెంతే రాళ్లు, కూర్చునే అంచు. అంతే సరంజామా. 300 చదరపు మీటర్లలో వాలీబాల్ కోర్టు కూడా పట్టదు, కాబట్టి ఆ ఆశ పెట్టుకోకుండా ఐదేళ్ల లోపు పిల్లలకూ, వాళ్లతో వచ్చే పెద్దలకూ మాత్రమే గీయండి. కాంక్రీటు పోసే ముందు ఆరు నెలలు నేల మీద రంగు గీతలు, కదిలే బెంచీలతో నడపండి. జనం బెంచీల్ని ఎక్కడికి లాక్కెళ్తారో చూసి, అక్కడే బిగించండి. యజమాని వేరే అయితే కనీసం ఐదేళ్ల లీజు ఉండాలి, లేదంటే చెట్లు నాటొద్దు, తొట్లలో పెట్టండి.

నీలిరిబ్బను
దారిమలుపు గారూ, కొత్తగా తెరిచే వెనక గేట్లకు ఉదయం ఎన్నింటికి, ఎవరు తాళం తీస్తారో డ్రాఫ్టులో రాశారా? ముందు గేటు కాపలాదారు చుట్టూ తిరిగి వచ్చి తీయాలంటే వారం రోజులు తీసి మానేస్తాడు.

దారిమలుపు
రాయలేదు. ఇప్పుడు చేరుస్తున్నాం: వెనక గేటుకు తలుపే ఉండదు, 90 సెం.మీ. సందుతో స్తంభాలు.